చెవి కోసుకుంటానంటే కత్తి దాచక్కర్లేదు: అక్షరాలా తీసుకోకూడని మాటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ మీద కొందరు పిల్లలకి తెలుగు చెప్తుంటాను. డాలస్‌లో ఇద్దరు, మెల్‌బోర్న్‌లో ఒకడు, పుణేలో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి వెనకాల కూర్చుని తనూ పాఠం వినేది వాళ్ళమ్మ. ఆవిడ మరాఠీ ఆవిడ, తెలుగింటి కోడలు. ఒత్తులతో, గుణింతాలతో మాకెప్పుడూ పేచీ రాలేదు. "మాస్టారూ, మామ్మ ఫోన్లో ఇలా అంది, అంటే ఏంటి?" అని ఎవరైనా మొదలుపెడితే మాత్రం ఆ రోజు పాఠం అటకెక్కినట్టే. అలా వచ్చిన ప్రశ్నలూ, వాళ్ళ అమ్మానాన్నలు విడిగా అడిగినవీ ఇక్కడ పెడుతున్నాను.

ఒక మాట అక్షరాలా అన్నదో కాదో కనిపెట్టే సూత్రం ఏమైనా ఉందా?

పిల్లలకి నేను చెప్పేది ఇది. ఆ మాటని బొమ్మగా గీయండి. గీసిన బొమ్మ చూసి నవ్వొచ్చినా, అంబులెన్స్ పిలవాలనిపించినా అది జాతీయమే, అంటే అక్షరాలా తీసుకోకూడని నుడికారమే అయ్యుంటుంది. కడుపులో ఎలుకలు పరుగెత్తడం, అరికాలి మంట నెత్తికెక్కడం, నీళ్ళు నమలడం ఇవన్నీ బొమ్మ గీస్తేనే దొరికిపోతాయి. మొదటిది ఆకలి, రెండోది పట్టలేని కోపం, మూడోది అడిగినదానికి సూటిగా జవాబు చెప్పలేక తడబడటం.

కొన్ని దొరకవు. కాళ్ళు పట్టుకోవడం, చేతులెత్తేయడం, చెయ్యి తడపడం లాంటివి నిజంగా చేసే పనులు కూడా. అక్కడ పక్కమాటలు చూడాలి. "చెయ్యి తడిపితే గానీ ఫైలు కదల్లేదు" అన్నారంటే, ఫైలుకీ తడి చేతికీ సంబంధం ఏమిటని ఒక్క క్షణం ఆగితే చాలు, లంచం సంగతని తెలిసిపోతుంది.

ఇన్నేళ్ళలో నాకు పట్టుబడ్డ కిటుకు ఇంకొకటి ఉంది. మన ఇళ్ళల్లో గట్టిగా, పెద్దగా అన్న మాటకి అంత కంగారు పడక్కర్లేదు. మెల్లిగా, చిన్నగా అన్న మాట దగ్గర ఆగాలి. "చంపి పాతరేస్తాను" అన్న అమ్మ పది నిమిషాల్లో పెరుగన్నం కలిపి పెడుతుంది. "సరేలే, నీ ఇష్టం" అన్న అమ్మ రెండు రోజులు మాట్లాడదు. కింద చాలా జవాబుల్లో ఇదే తిరిగి తిరిగి వస్తుంది.

జాతీయం, సామెత, అతిశయోక్తి: తేడా ఏమిటి?

పరీక్షకి కావాలంటే ఇంత చాలు. సామెత దానంతట అది నిలబడే మాట: "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు". జాతీయం ముక్క, వాక్యంలో పెడితేనే పని చేస్తుంది: "పుట్టి ముంచాడు". ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్తే అతిశయోక్తి: "మేడలు ఆకాశాన్ని తాకుతున్నాయి". బయట ఈ మూడూ కలిసిపోతాయి, ఎవరూ గీతలు గీసుకుని మాట్లాడరు.

"తాతయ్య ముఖం చేటంత అయింది" అంది మామ్మ. తాతయ్యకి ఎలర్జీ వచ్చిందా?

మెల్‌బోర్న్ అబ్బాయి నిజంగానే అడిగాడు. వీడియోలో మనవణ్ణి చూడగానే తాతగారికి పట్టరాని సంతోషం వచ్చింది, అంతే సంగతి. కానీ వాడికి చేట అంటేనే తెలీదు. ఆ రోజు మా అమ్మ వాడిన వెదురు చేట అటక మీంచి దింపి కెమెరా ముందు పెట్టాను. మెంతిముద్దతో అలికినది, అంచుల్లో పెచ్చులు లేచిపోయింది. చెరిగేవాళ్ళ వైపు ముడుచుకుని ఉంటుంది, ముందుకి వెళ్ళేకొద్దీ వెడల్పుగా విచ్చుకుంటుంది. మనిషి మనసారా నవ్వితే ముఖం అలాగే విచ్చుకుంటుంది. వాడు చేటని కాసేపు చూసి, పక్క గదిలోకి పరుగెత్తి వాళ్ళ నాన్నని పిలుచుకొచ్చాడు. ఆ నాన్న ముఖం కూడా చేటంత అయింది.

తెలుగులో అతిశయోక్తికి సగం సరుకు ఈ "అంత" అన్న ముక్కే. గోరంత, కొండంత, ఆవగింజంత, చింతాకంత, తాటిచెట్టంత. పెద్ద ఇల్లయితే లంకంత కొంప, అంటే రావణుడి లంకంత. వీటిలో కొలత వెతక్కూడదు. చెప్పేవాడికి అది ఎంతగా అనిపించిందో అదే కొలత.

"ఇసుకేస్తే రాలనంత జనం" నాకు వీటన్నిట్లో ఇష్టమైనది. చూడండి, పిడికెడు ఇసుక పైకి విసిరితే అది నేల చేరడానికి మనిషికీ మనిషికీ మధ్య సందు ఉండాలి. సందే లేకపోతే తలల మీద, భుజాల మీద ఆగిపోతుంది. రెండేళ్ళకోసారి మేడారం జాతరకి, పన్నెండేళ్ళకోసారి గోదావరి పుష్కరాలకి వెళ్ళినవాళ్ళకి ఇది అతిశయోక్తి అనిపించదు. రెండొందల మంది వచ్చిన నిశ్చితార్థానికి కూడా ఇదే మాట వాడేసి మన వార్తలవాళ్ళు దాన్ని అరగదీశారు.

"మా అల్లుడు మామిడికాయ పప్పంటే చెవి కోసుకుంటాడు" అంటే భయం వేసింది.

పుణే అమ్మగారి ప్రశ్న ఇది. కత్తి దాచక్కర్లేదండీ. ఆ పప్పంటే ఆయనకి అంత ఇష్టం అని అర్థం. మనవాళ్ళకి ఇష్టం ఎక్కువైతే ఒంటి మీదకి తెచ్చుకోవడం అలవాటు. చెవి కోసుకుంటారు, పడి చస్తారు, ప్రాణం పెడతారు, తల కోసిస్తారు. నవ్వొచ్చినా అంతే, కడుపు చెక్కలవుతుంది. ఎంత గట్టి మాటో చూశారుగా, ఎవరికీ గీత కూడా పడలేదు.

చివర ఉన్న చిన్న ముక్కలు జాగ్రత్త. "చెవి కోసుకుంటాడు" ఇష్టం, "చెవిలో పువ్వు పెడతాడు" మోసం, "చెవిన వేసుకోడు" లెక్కచేయకపోవడం, "చెవి కొరుకుతాడు" రహస్యంగా చెప్పడం. నాలుక సంగతీ ఇంతే. "నోట్లో నాలుక లేనివాడు" అంటే ఎదురు మాట్లాడని మెతక మనిషి. "తలలో నాలుకలా ఉంటాడు" అంటే అందరికీ కావలసినవాడు. డాలస్ పిల్ల ఒకసారి రెండూ కలిపి "మా పిన్ని తలలో నాలుక లేదు" అంది. నేను దిద్దలేదు. వాళ్ళ పిన్నికి నప్పుతుందేమో నాకేం తెలుసు.

"బియ్యం నిండుకున్నాయి" అంటే డబ్బా నిండిందనేగా?

కాదు, అయిపోయాయి. ఇది నా స్వానుభవం. తొమ్మిదేళ్ళప్పుడు వేసవి సెలవులకి తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళూరు వెళ్ళాను. అమ్మమ్మ వంటింట్లోంచి "ఒరేయ్, బియ్యం నిండుకున్నాయని తాతయ్యతో చెప్పు" అంది. నేను అరుగు మీదకెళ్ళి "తాతయ్యా, బియ్యం నిండా ఉన్నాయట" అని చెప్పొచ్చాను. ఆయన సంతోషంగా చుట్ట ముట్టించుకుని పేకాటకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ అటుకులు, మజ్జిగ. తాతయ్య ఒక్క మాట అనలేదు. అమ్మమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

లేదు, అయిపోయింది, ఆరిపోయింది, తెగిపోయింది అనే మాటలు ఇంట్లో అనకూడదని పెద్దవాళ్ళ పట్టింపు. అందుకని తిరగేసి చెప్తారు. దేవుడి దగ్గర దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. పాము కరిచిందని అనరు, పురుగు ముట్టిందంటారు. మశూచికమో ఆటలమ్మో వస్తే అమ్మవారు పోసిందనేవారు. గడప దాటేవాళ్ళు "వెళ్తాను" అంటే కోప్పడి, "వెళ్ళొస్తాను" అనిపిస్తారు. చెప్పాను కదా, మెత్తటి మాట దగ్గరే ఆగాలని. కొత్తవాళ్ళు ఎక్కువ బోల్తాపడేది ఇక్కడే, ఎందుకంటే ఈ మాటల్లో అతి ఏమీ కనిపించదు, మామూలుగా ఉంటాయి.

మా అమ్మమ్మ నన్ను చూడగానే "నీ అసాధ్యం కూలా!" అంది. నేనేం తప్పు చేశాను?

ఏమీ లేదు. బహుశా ఆ వెంటనే "ఎంత ఎదిగిపోయావే!" అని కూడా అని ఉంటుంది. నీ దుంప తెగ, నీ మొహం మండ, నీ ఇల్లు బంగారం కానూ ఇవన్నీ ఆ కోవలోవే. మాటగా చూస్తే కొన్ని శాపాలు, ఒకటి దీవెన. వాడుకలో అన్నీ ఆశ్చర్యార్థకాలే. ముద్దు ఎక్కువైనా వస్తాయి, విసుగు ఎక్కువైనా వస్తాయి. ఏది ఏమిటో గొంతే చెప్తుంది.

అందుకే గొంతు వినిపించని చోట ఇవి వాడకండి. వాట్సాప్‌లో "చంపేస్తా" అని చిన్ననాటి స్నేహితుడికి రాస్తే నవ్వే బొమ్మ పంపుతాడు. స్థలం తగాదాలో ఉన్న పక్కింటాయనకి రాస్తే స్క్రీన్‌షాట్ తీసి స్టేషన్‌కి వెళ్తాడు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బెదిరింపు నేరానికి 351వ సెక్షన్ ఉంది. అక్కడ "ఊరికే అన్నానండీ" అని నమ్మించేసరికి మీ తలప్రాణం తోకకొస్తుంది.

శల్య సారథ్యం, సైంధవుడు... ఇవి తెలియాలంటే భారతం అంతా చదవాలా?

అంతా అక్కర్లేదు, ఆ ఒక్క ఘట్టం తెలిస్తే చాలు. కానీ ఆ ఘట్టం తెలియకపోతే మాట పేలదు.

శల్యుడు మద్ర దేశపు రాజు, నకుల సహదేవులకి మేనమామ. దుర్యోధనుడు దారిలో చేసిన మర్యాదలకి మాటిచ్చేసి కౌరవుల వైపు చిక్కుకున్నాడు. కర్ణుడికి రథం తోలాల్సి వచ్చినప్పుడు తోలుతూనే, "అర్జునుడి ముందు నువ్వెంత" అని కర్ణుడి ఉత్సాహం నీరుగారుస్తూ పోయాడు. మీ ఆఫీసులో సాయం చేయడానికని వచ్చి, పక్కనే కూర్చుని "ఇది మన వల్ల అయ్యే పని కాదులే" అనే మహానుభావుడు ఉంటాడే, ఆయన చేసేది శల్య సారథ్యం. ఎదుటివాడు అడ్డుకోవడం కాదిది. మనవాడే, మన రథం మీదే, మన గాలి తీయడం. ఇంత సంగతి రెండు మాటల్లో ఇమిడింది.

సైంధవుడు అడ్డుపడేవాడు. పద్మవ్యూహంలోకి అభిమన్యుడు వెళ్ళాక వెనకాలే వస్తున్న పాండవుల్ని లోపలికి పోనివ్వకుండా ఆపాడు. మా అపార్ట్‌మెంట్ గేటు ముందు రోజూ అడ్డంగా స్కూటర్ పెట్టే ఒకాయనకి మేం ఈ పేరే పెట్టుకున్నాం.

మిగిలినవి త్వరగా: ధృతరాష్ట్ర కౌగిలి అంటే ప్రేమ నటిస్తూ నలిపేయడం, ఆయన భీముడనుకుని ఇనుప బొమ్మని పిండి చేశాడు కదా. త్రిశంకు స్వర్గం అటూ ఇటూ కాని స్థితి. భగీరథ ప్రయత్నం గంగని దించినంత కష్టం. కుంభకర్ణుడి నిద్ర చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఒకరున్నారు.

గుడి, పూజ, పాటకచేరీల నుంచి వచ్చినవీ ఉన్నాయి. శ్రీకారం చుట్టడం మొదలుపెట్టడం, రాతకి ముందు శ్రీ రాసే అలవాటు నుంచి. మంగళం పాడటం ఆపేయడం, హరికథ చివర మంగళం పాడతారు కాబట్టి. తిలోదకాలంటే చనిపోయినవారికి వదిలే నువ్వులూ నీళ్ళూ. "హామీలకు తిలోదకాలు" అని పేపర్లో చదివితే ఆ హామీలు ఇక లేవనుకోవాలి.

"పదహారణాల తెలుగమ్మాయి" అంటే? అణాలు నేనెప్పుడూ చూడలేదు.

రూపాయికి పదహారు అణాలు ఉండేవి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి రూపాయి వంద నయా పైసలయింది. అణాలు పోయాయి గానీ మాట ఉండిపోయింది. పదహారూ ఉన్నాయంటే నిండు రూపాయి, ఏ లోటూ లేనిది. ఇది చెప్పగానే పుణే అమ్మగారు "అరే, మాకూ సోళా ఆణే ఉంది" అన్నారు. ఆ రోజు ఆవిడకి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

"చిల్లిగవ్వ లేదు" అంతకంటే పాతది, గవ్వలే చిల్లర డబ్బులుగా చెల్లిన రోజులది. మంచి గవ్వ మాట అటుంచి, చిల్లు పడ్డ గవ్వ కూడా లేదట. లక్ష రూపాయల ఫోన్ చేతిలో పట్టుకుని ఈ మాట అనేవాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది.

పుట్టి మునగడంలో పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. ఏరు దాటించే పుట్టే మునిగితే మనిషీ, సరుకూ అన్నీ పోయినట్టే. "ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అంటే కంగారు పడకు అని. "ములగచెట్టు ఎక్కించడం" అంటే పొగిడి పైకెక్కించడం. ములగ కొమ్మ పెళుసు, ఎక్కినవాడు ఎక్కినంత సేపు పట్టదు కింద పడటానికి. ఇది ములగచెట్టు పెరట్లో ఉన్న పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

తెలంగాణలో, ఆంధ్రలో ఇవి వేరువేరుగా ఉంటాయా?

చాలావరకు ఒకటే, పలుకు మారుతుంది. బుర్ర తినకు, నెత్తి తినకు, దిమాక్ తినకు: మూడూ విసుగే. చుక్కలు చూపించడం తెలంగాణలో చుక్కలు చూపెట్టుడు.

ఒక మాట దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. "నీ బాంచెన్, కాల్మొక్త" అని ఈమధ్య కుర్రాళ్ళు సరదాకి అంటుంటారు, ఛార్జర్ ఒకసారి ఇమ్మని అడగడానికి కూడా. బాంచెన్ అంటే నీ బానిసని అని. నిజాం కాలంలో దొర గడీ, అంటే కోటలాంటి ఇంటి ముందు నిలబడి ఆ మాట అన్నవాళ్ళు నిజంగానే వంగి కాళ్ళు మొక్కారు, చెప్పులు చేత పట్టుకున్నారు. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం వెనక ఆ వెట్టి కూడా ఉంది. అంటే ఇది అతిశయోక్తిగా పుట్టిన మాట కాదు, అక్షరాలా నిజమై తర్వాత అతిశయోక్తిగా మారింది. ఇంట్లో వాడుకునేవాళ్ళని ఆపను. బయటివాళ్ళు తెలంగాణ యాస అనుకరిస్తూ దీన్ని జోకుగా వాడితే నాకు మింగుడుపడదు.

"ఐదు నిమిషాల్లో వస్తున్నా" అన్నవాళ్ళు గంటైనా రారు. ఇది అబద్ధమా, అతిశయోక్తా?

వీళ్ళది తగ్గించి చెప్పే అతిశయోక్తి. ఐదు నిమిషాలంటే బయల్దేరాలన్న ఉద్దేశం ఉందని. "దారిలో ఉన్నా" అంటే స్నానానికి వెళ్తున్నారని. "వచ్చేశా, గేటు దగ్గరున్నా" అన్నప్పుడు టీ పెట్టండి.

మర్యాద మాటలు ఇంకా సూక్ష్మం. "చూద్దాం" అంటే నూటికి తొంభై సార్లు కుదరదని (ఈ తొంభై కూడా లెక్కపెట్టింది కాదు). "ఓసారి మా ఇంటికి భోజనానికి రండి" అన్నప్పుడు తారీఖు చెప్పకపోతే అది పలకరింపు మాత్రమే. "ఆదివారం మధ్యాహ్నం రండి, గోంగూర చేస్తాను" అంటే నిజంగా పిలిచినట్టు. పెళ్ళిచూపుల తర్వాత "జాతకాలు నప్పలేదండీ" అని కబురొస్తే జాతకాల సంగతి ఎవరూ ఆరా తీయరు. అమ్మాయో, అబ్బాయో, కట్నమో, ఇంకేదో నచ్చలేదని ఇరుపక్షాలకీ తెలుసు. ఎవరి పరువూ పోకుండా తలుపు మూసే పద్ధతి అది.

అమ్మకి ఒంట్లో బాగోలేదు. ఆవిడ చెప్పేది డాక్టరుకి ఎలా చెప్పాలి?

ఈ ప్రశ్న విదేశాల్లో ఉన్న పిల్లల నుంచి ఎక్కువ వస్తుంది, తెలుగు రాని డాక్టర్ల దగ్గర వాళ్ళే దుబాసీలు కాబట్టి. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే తల తిరుగుడు, కళ్ళకి సంబంధం లేదు. "ఒళ్ళంతా విరగ్గొట్టినట్టుంది" ఒళ్ళునొప్పులు. "కడుపు మండిపోతోంది" అయితే ఎసిడిటీ, లేదా కోడలి మీద కోపం, అడిగి తెలుసుకోండి. మాటకి మాట అనువదించకుండా ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది అని అడిగి ఆ జవాబులు చెప్పండి.

మా పెదనాన్న ఒక సాయంత్రం వరండాలో కూర్చుని "గుండె మీద రాయి పెట్టినట్టుందిరా" అన్నారు. మెల్లిగా, ఏదో అనుకుంటున్నట్టు అన్నారు. చెల్లెలి పెళ్ళి ఖర్చుల దిగులనుకున్నాం. పెద్దమ్మ మాత్రం ఆయన చొక్కా చూసింది. ఫ్యాన్ కింద కూర్చున్న మనిషి చొక్కా వీపంతా చెమటకి అతుక్కుపోయి ఉంది. వెంటనే తీసుకెళ్ళాం, స్టెంట్ వేశారు, ఇంకో పదకొండేళ్ళు బతికారు. ఛాతీ మీద బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఇలాంటివి ఉంటే జాతీయాల చర్చ పెట్టుకోకుండా మన దేశంలోనైతే 108కి, బయటైతే అక్కడి అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి.

"చచ్చిపోవాలనిపిస్తోంది" అనే మాట మనవాళ్ళు ఊరికే అంటుంటారు కదా?

అంటారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, పరీక్ష పేపరు చూసినా "చచ్చాంరా బాబూ" అంటారు. అరిచి, తల కొట్టుకుని, మరుక్షణం బిర్యానీ ఆర్డర్ పెట్టేవాళ్ళ గురించి బెంగ అక్కర్లేదు.

అదే మాట మెల్లిగా, పదేపదే, "నేను లేకపోతే మీకే హాయి" అన్న ధోరణిలో వస్తే అతిశయోక్తి అనుకోవద్దు. నిద్ర, తిండి మానేయడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం తోడైతే అసలే అనుకోవద్దు. పక్కన కూర్చుని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన ఎక్కువవుతుందన్నది అపోహ. మన దేశంలో మానసిక ఆరోగ్య సాయానికి ఉన్న టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. ప్రతి మాటా ఉన్నదున్నట్టే తీసుకుంటాడు. అందరూ నవ్వుతారు.

చిన్నపిల్లలంతా మొదట అలాగే తీసుకుంటారు, బడి వయసులో మెల్లమెల్లగా అందుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో, పెద్దల్లో కూడా కొందరికి ఇది ఎక్కువ కాలం కష్టమవుతుంది. తెలివితేటలకీ దీనికీ ముడిపెట్టొద్దు. ఈ ఒక్కటి చూసి పేరు పెట్టేయకండి, తోటిపిల్లలతో కలవడం, మాటలు, ఇతర అలవాట్లలో కూడా అనుమానం ఉంటే పిల్లల డాక్టర్ని అడగండి.

ఇంట్లో చేయగలిగింది తేలికే. ముందు నేరుగా చెప్పి, తర్వాత జాతీయం చెప్పండి. "నాన్నకి చాలా కోపం వచ్చింది. అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు అంటాం". వీలైతే ధూపం వేసేటప్పుడు నిప్పు మీద గుగ్గిలం భగ్గుమనడం చూపించండి. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు అక్షరాలా బొమ్మ, కుడివైపు అసలు అర్థం గీయించండి. ఇక పనులు చెప్పేటప్పుడు మాత్రం అలంకారాలు వద్దు. "గదిని అద్దంలా పెట్టు" అంటే వాడికి అర్థం కాదు. "బట్టలు బుట్టలో వెయ్యి, పుస్తకాలు అరలో పెట్టు" అంటే టక్కున చేస్తాడు. నవ్వే చుట్టాల సంగతి మీరు చూసుకోండి.

అనువాద యాప్‌లో వేస్తే సరిపోదా?

"ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయి" అని ఒకసారి వేసి చూశాను. కళ్ళకి పండ్లు కాయించింది. పాపం దాని తప్పూ లేదు, మనవాళ్ళలోనూ చాలామంది చెట్టు కాయలే అనుకుంటారు. పార పట్టిన చేతులు కాయలు కాస్తాయి చూడండి, గట్టిపడి, మొద్దుబారి. నాకైతే ఆ కాయే సబబుగా తోస్తుంది. దారి వంక చూసి చూసి కళ్ళు అలా అయిపోయాయన్నమాట.

ఇటు నుంచి అటు కూడా అంతే. మన జాతీయాన్ని ఇంగ్లీషులోకి మాటకి మాట మారిస్తే తెల్లవాళ్ళు తెల్లబోతారు. అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవీ లేకపోలేదు. "బాల్చీ తన్నేశాడు" ఇంగ్లీషు సరుకే, కానీ ఇప్పుడు మన టపా కట్టేయడం పక్కన దర్జాగా కూర్చుంది.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు వీటిని వాడొచ్చా?

వాడండి, కానీ ముందు నాలుగుచోట్ల వినండి. ఎవరు ఎవరితో అన్నారో గమనించండి. మామ్మ మనవడితో అనేవి మనవడు మామ్మతో అనకూడదు. "ఏంటి మామ్మా, నక్క తోక తొక్కొచ్చావా?" అంటే మురిసిపోతుంది. "నీ దుంప తెగ" అంటే ఏమవుతుందో మీరే చూస్తారు.

"మాస్టారు మా తల తింటున్నారు" అని డాలస్‌లో ఎవరో అన్నారట. క్లాసు ఇంకా ఎంతసేపు?

విన్నాను. ఇంకో ఐదు నిమిషాలు.